చెరువు పూడిక మట్టిలో గాలిమోటరు ముక్కలు – తవ్వాలా, వద్దా?

పాకాల_పోరడు
అందరికీ నమస్తే. మాది నర్సంపేట దిక్కు ఒక చిన్న ఊరు. ఈ వానాకాలం మా మామ పత్తి చేనులో గుంటుక తోలినప్పుడల్లా సిల్వర్ రేకు ముక్కలు పైకి తేలాయి. పాత గిన్నె ముక్కలనుకున్నాం. కానీ గిన్నెకు అన్ని రివెట్లు ఎందుకుంటాయి? దగ్గర దగ్గరగా, వరుస తప్పకుండా, తలలు రేకులోకి అణిగిపోయి ఉన్నాయి. వేలితో రాస్తే ఎక్కడా తగలవు.

ముసలోళ్ళను అడిగితే "రజాకార్ల కన్నా ముందు, జర్మనీ లడాయి నడిచేటప్పుడు చెరువు శిఖంల (నీళ్ళు నిలిచే నేలల) గాలిమోటరు కూలింది బిడ్డా" అంటున్నారు. మా దోస్తులు ఆదివారానికి జేసీబీ మాట్లాడేశారు. ఇంజన్ దొరికితే పంచాయతీ ముందు గద్దె కట్టి పెడతారట. పాత సామాను సేటు ఇప్పటికే వచ్చి కిలో లెక్కన అడిగిపోయాడు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఏం చేయమంటారు?

కొత్తగూడెం_కుర్రోడు
అన్నా, అది జపాన్ విమానమే! 1942లో వైజాగ్, కాకినాడ మీద బాంబులు వేశారు కదా, అక్కడ దెబ్బతిని ఇటు వచ్చి కూలి ఉంటుంది. తవ్వండి తవ్వండి. గ్రీన్‌లాండ్ మంచు కింద 268 అడుగుల లోతు నుంచి ఒక పీ-38 విమానాన్ని 1992లో తీసి, బాగుచేసి, 2002లో మళ్ళీ ఎగరేశారు. మనమెందుకు చేయలేం?

కెంట్_ఓరుగల్లు
పోరడు తమ్ముడూ, ముందు ఆ జేసీబీ ఆపు. మిగతావి తర్వాత.

నాది మట్టెవాడ, ఉండేది ఇంగ్లండ్‌లోని కెంట్‌లో. 1940లో బ్రిటన్, జర్మనీల గాలి యుద్ధం ఎక్కువగా జరిగింది ఈ ఆకాశంలోనే, అందుకే ఇక్కడి పొలాల కింద విమానాలు బోలెడు. ఒక తవ్వకాల బృందంతో కలిసి వారాంతాల్లో పనిచేస్తుంటాను. నా పని ఎక్కువగా బురద జల్లెడ పట్టడమే, గొప్పలకు పోను.

గ్రీన్‌లాండ్ సంగతి వేరు కుర్రోడూ. 1942 జులైలో ఇంధనం అయిపోయి ఆ విమానాలు మంచు మీద మెల్లగా దిగాయి. చెక్కుచెదరకుండా మంచులో కప్పబడిపోయాయి. కూలిన విమానం అట్లా ఉండదు. నిట్టనిలువుగా పడితే రెక్కలు నేల మీదే చీలికలైపోతాయి, ఇంజన్ ఒక్కటే మెత్తటి మట్టిలో మీటర్ల లోతుకు దిగిపోతుంది. ఏటవాలుగా పడితే లోతు తక్కువ, కానీ ముక్కలు ఒక దిక్కుగా దూరం వరకూ చెదురుతాయి. ఏ ముక్క ఎక్కడ, ఎంత లోతులో, ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టే విమానం ఎట్లా పడిందో చెప్పగలం. జేసీబీ బొక్కెన ఒక్కసారి దిగితే ఆ లెక్కంతా పోతుంది, మన చేతికి మిగిలేది సేటు అడిగిన తుక్కే.

ఒక ప్రశ్న: ముక్కలు చేనులోనే పుట్టాయా, మట్టితో పాటు వచ్చాయా? మిషన్ కాకతీయలో పూడిక మట్టి తోలించారా మీ మామ?

పాకాల_పోరడు
తోలించాడన్నా! చెరువు పూడిక తీసినప్పుడు ట్రాక్టర్ల కొద్దీ తోలించాడు. పక్క చేన్లవాళ్ళు కూడా.

కెంట్_ఓరుగల్లు
అయితే చేను తవ్వి లాభం లేదు. ముక్కలు అక్కడికి ట్రాక్టర్‌లో వచ్చాయి. అసలు చోటు ఏదైనా ఉంటే అది చెరువులో ఉంది. ఇప్పుడు నీళ్ళున్నాయి కదా? ఏప్రిల్, మే దాకా ఎవరూ ఏమీ చేయలేరు. మంచిదే, ఆలోచించుకోవడానికి టైం దొరికింది.

రిటైర్డ్_సార్జెంట్
నేను ఎయిర్ ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. అందరూ ఇంజన్ గురించి అడుగుతున్నారు, చేతులు జాగ్రత్త అని ఎవరూ అనడం లేదు.

యుద్ధ విమానంలో తూటాలుంటాయి. మట్టిలో ఇన్నేళ్ళున్నా .303 తూటాలో మందు పనిచేయవచ్చు. 20 మిల్లీమీటర్ల ఫిరంగి గుండైతే దాని లోపలే పేలుడు పదార్థం ఉంటుంది. ఇత్తడి గొట్టంలాంటిది ఏది కనిపించినా ముట్టొద్దు, సుత్తితో కొట్టొద్దు, పిల్లలకు ఇవ్వొద్దు. ఉన్నచోటే వదిలి 112కు ఫోన్ చేయండి.

ఇంకోటి, ఎవరికీ తట్టదు. అప్పటి మీటర్ల ముళ్ళకు, అంకెలకు రేడియం రంగు వేసేవారు, చీకట్లో కనబడాలని. ఇప్పుడు అది వెలగదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. వెలుగునిచ్చే రసాయనం చచ్చిపోయింది గానీ రేడియం అట్లాగే ఉంది. దాని అర్ధాయుష్షు 1600 ఏళ్ళు. ఆ రంగు పొడిగా రాలి ఊపిరిలోకి పోతే కష్టం. డయల్ దొరికితే గోకకుండా, తుడవకుండా కవర్‌లో వేసి మూతి కట్టి దూరంగా పెట్టండి.

జపాన్ మాట: 1942 ఏప్రిల్ 6న తీరం మీద దాడి చేసినవి విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు. నర్సంపేట తీరానికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. దెబ్బతిన్నవాడు తన నౌక ఉన్న సముద్రం దిక్కు పోతాడు గానీ అడవి దిక్కు ఎందుకొస్తాడు? ముక్కల మీద ముద్రలు, అంకెలు ఏమైనా ఉన్నాయేమో చూడు బాబూ.

పాకాల_పోరడు
సార్, ఒక ముక్క మీద చిన్న కిరీటం బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో "ఏ", "ఎం" అక్షరాలు ఉన్నాయి. ఇంకో ముక్క కరిగి గడ్డకట్టినట్టుంది, మట్టి కూడా అందులోనే అతుక్కుంది.

అసలు సంగతి ఇంకొకటి. మా ఊర్లో ఒక అవ్వ బర్రెలకు కుడితి పోసే తొట్టి ఉంది. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. పొడవుగా, ఒక పెద్ద గొట్టాన్ని నిలువునా చీల్చినట్టు, రెండు కొసలు సన్నంగా ఉంటాయి. నిన్న దగ్గర కూర్చుని చూస్తే లోపల అడ్డంగా రెండు రేకు బిళ్ళలు, వాటికి గుండ్రటి రంధ్రాలు. కుడితి ఎప్పుడూ నిలిచే మట్టం దగ్గర రేకు తెల్లగా పొడిబారి, గోరు పెడితే లోపలికి పోతోంది. ఆ గీత పైన మాత్రం అక్కడక్కడ పచ్చటి రంగు ఇంకా ఉంది. వాళ్ళ మామ చెరువుల నుంచి తెచ్చిండట, ఆమె కాపురానికొచ్చే నాటికే ఉందట.

రిటైర్డ్_సార్జెంట్
కిరీటం, ఏ.ఎం. అంటే బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ ముద్ర. జపాన్ ముచ్చట అక్కడితో సరి.

తొట్టి చాలా విలువైన ఆధారం. అడ్డంగా ఉన్న ఆ రంధ్రాల బిళ్ళలు పెట్రోల్ ఒక కొస నుంచి ఇంకో కొసకు కొట్టుకోకుండా పెట్టే అడ్డు పలకలు. అంటే అది ఇంధన ట్యాంకు. అయితే ఇక్కడే ఆగి ఆలోచించాలి. రెక్క కింద తగిలించుకుని, పెట్రోల్ అయిపోగానే గాల్లోంచి వదిలేసే ట్యాంకులు కూడా ఉండేవి. సన్నటి కొసలు చూస్తే నాకు ఆ అనుమానమే వస్తోంది. అదే అయితే విమానం కూలకుండానే ట్యాంకు మీ చెరువులో పడి ఉండొచ్చు. మామునూరు రన్‌వే నిజాం కాలం నాటిది, అక్కడి తుక్కు ఎవరో కొని తెచ్చి ఉండొచ్చు కూడా. ఏ.ఎం. ముద్ర గోడ గడియారాలకూ ఉండేది, ఒక్క ముద్రతో విమానం కూలిందని చెప్పలేం.

కరిగిన గడ్డ మాత్రం వేరే సంగతి చెబుతోంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పెట్రోల్ మంటకు అది చాలు. కంచరివాళ్ళు ఎవరైనా కరిగించారా అంటే, కరిగించినవాళ్ళు మట్టిలో పారబోసుకోరు కదా. రేకులోకి అణిగిన రివెట్లు గాలి తగలకుండా నున్నగా ఉండాలని పైతోలుకు కొడతారు, అంటే కొంచెం వేగంగా పోయే లోహపు విమానం. బేగంపేటలో శిక్షణకు వాడిన టైగర్ మాత్ కాదు, దాని రెక్కలకు గుడ్డే కప్పేవారు.

వకీలు_హన్మకొండ
చట్టం సంగతి చెబుతాను, ఎవరూ సరదా పడరు గానీ తప్పదు.

బ్రిటన్‌లో 1986 నాటి మిలిటరీ రిమెయిన్స్ రక్షణ చట్టం ఉంది. ఎప్పుడు కూలినా సరే, సైనిక విమానం కూలిన ప్రతి చోటూ దాని కిందికి వస్తుంది, రక్షణ శాఖ లైసెన్స్ లేనిదే తవ్వడం నేరం. అలాంటి చట్టం మన దగ్గర లేదు. పురావస్తువు అనిపించుకోవాలంటే 1972 చట్టం ప్రకారం వందేళ్ళు నిండాలి. 1940ల విమానానికి ఇంకా వయసు రాలేదు. అట్లాగని ఇష్టమొచ్చినట్టు తవ్వుకోవచ్చని కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (నేలలో దొరికిన నిధుల) చట్టం ఇంకా బతికే ఉంది, నేలలో దాగిన విలువైన వస్తువు పది రూపాయలకు మించి ఉంటే కలెక్టర్‌కు రాసి ఇవ్వాలి. కూలిన విమానం ఆ నిర్వచనంలోకి వస్తుందా అని కోర్టులో వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన నీ ఖర్చుతో ఎందుకు? దరఖాస్తు పడేయ్, రసీదు తీసుకో. బతికున్న తూటాలు ఇంట్లో పెట్టుకుంటే ఆయుధాల చట్టం.

పైగా శిఖం భూమి. అది మీ మామది కాదు, ఊరిది కూడా కాదు. నీటిపారుదల శాఖ, రెవెన్యూ అనుమతి లేకుండా చెరువులో గడ్డపార దించొద్దు. మెటల్ డిటెక్టర్ పట్టుకుని రాత్రిపూట తిరిగారో, గుప్తనిధుల కేసు కింద లోపలేస్తారు, నిమ్మకాయలు లేకపోయినా సరే. పగటిపూట, పదిమంది ముందు, కాగితం చేతిలో పెట్టుకుని చేయండి.

పత్తి_రైతు
అందరూ బాగానే చెబుతున్నారు. ఆ రైతు సంగతి? రేపు ఆఫీసర్లు, టీవీ వాళ్ళు, ఫొటోల కోసం వచ్చినవాళ్ళు చేను తొక్కితే ఎవరిస్తారు? పత్తి ఏరేది ఇంకా మిగిలే ఉంటుంది. సేటు కిలోకి ఇంత అని చేతిలో పెడతాడు, మీరు చరిత్ర అంటారు. చరిత్ర కూలి ఇస్తదా?

కెంట్_ఓరుగల్లు
న్యాయమైన మాట. ఇక్కడ మేము మొదట మాట్లాడేది రైతుతోనే. పంట కోశాక, మళ్ళీ విత్తేలోపు మాత్రమే దిగుతాం. తీసిన పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోసి, అదే వరుసలో తిరిగి పూడ్చి చదును చేసి వస్తాం. తొక్కిన పంటకు డబ్బు కట్టిస్తాం. అట్లా చేయనివాళ్ళను మరుసటి ఏడు ఏ రైతూ గట్టు ఎక్కనివ్వడు.

ముసలోళ్ళ మాట నమ్మి లక్షలు పోసేవాళ్ళకు బర్మా కథ చెప్పాలి. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్ళు కొత్త స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలను పెట్టెల్లో పెట్టి రంగూన్ విమానాశ్రయం దగ్గర పాతిపెట్టారని ఒక ఇంగ్లిష్ రైతు ఏళ్ళ తరబడి నమ్మాడు. చూశామన్న సాక్షులున్నారు. ఒక వీడియో గేమ్ కంపెనీ డబ్బు పెట్టింది. 2013లో తవ్వితే ఒక్క విమానమూ లేదు. సాక్షులు అబద్ధమాడారని నేననను. ఏదో పూడ్చడం చూసే ఉంటారు, మిగతాది ఏళ్ళు గడిచేకొద్దీ పేరుకుంది.

కాబట్టి పోరడూ, మీ ముసలోళ్ళను ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి రికార్డ్ చెయ్. అరుగు మీద అందరినీ కలిపి అడగకు, గొంతు పెద్దదున్నవాడి కథే అందరి కథ అవుతుంది. ముఖ్యంగా ఒకటి అడుగు: మనుషులు చనిపోయారా?

పాకాల_పోరడు
అడుగుతానన్నా. ఈలోపు ఒక టెన్షన్. మా తమ్ముడు ముద్ర ఉన్న ముక్కను చింతపండు, ఇటుక పొడి వేసి తోమడం మొదలుపెట్టాడు, మెరుస్తుందని. సగంలో గుంజుకున్నాను. మిగతావి యూట్యూబ్‌లో చూసి వాషింగ్ సోడా నీళ్ళలో వేసి కరెంటు పెట్టి శుభ్రం చేద్దామంటున్నాడు.

రసాయనం_టీచర్
కరెంటూ వద్దు, సోడా నీళ్ళూ వద్దు! ఆ పద్ధతి తుప్పుపట్టిన ఇనుముకు. అల్యూమినియం క్షారంలో కరిగిపోతుంది. ఇనుప బోల్టు శుభ్రం కావడానికి వేసిన నీళ్ళలో దాని పక్కనున్న రేకు మాయమవుతుంది.

ఇది గిన్నెల అల్యూమినియం కాదు. డ్యూరాలుమిన్ అంటారు, దాదాపు నాలుగు శాతం రాగి, కొంచెం మెగ్నీషియం, మాంగనీస్ కలుస్తాయి. ఆ రాగి వల్లే బలం, ఆ రాగి వల్లే జబ్బు. తేమ, ఉప్పు తగిలితే లోహపు రేణువుల సందుల వెంట తినుకుంటూ పోతుంది. పైకి బాగానే కనిపించి, లోపల తడిసిన పుస్తకంలా పొరలు పొరలుగా ఉబ్బుతుంది. అందుకే చాలా విమానాలకు రేకు పైన పలచగా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అంటించేవారు. మీ తమ్ముడు ఇటుక పొడితో తోమింది ఆ రక్షణ పొరనే. పైగా ముద్రలు, రంగు మరకలు, పెన్సిల్ గీతలు అన్నీ దానిమీదే ఉంటాయి. ఏ విమానమో చెప్పేవి అవే.

చెరువు అడుగున గాలి అందని బురదలో నిజానికి లోహం చాలాకాలం ఉంటుంది. చెడింది చేనుకొచ్చాకే. నల్లరేగడి కొంచెం క్షారగుణం ఉన్న నేల, ఎండాకాలం నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి ముక్కల్ని కిందా మీదా చేస్తుంది. దానికి తోడు మనం చల్లే పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అంటే ఉప్పే. ఇన్నేళ్ళు చెరువులో బతికిన ముక్క నాలుగు పంటల ఎరువుకు పొడి అవుతుంది. అందుకే చేనులో తేలినవాటిని అక్కడే వదిలేయమని నేను చెప్పను. తేలిన చోటు ఫోన్‌లో గుర్తించి, ఫొటో తీసి, ఏరి తెచ్చుకోండి.

ఇంట్లో చేయగలిగింది చాలా తక్కువ, ఆ తక్కువే చాలు. మెత్తటి కుంచెతో మట్టి దులపండి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉప్పు దించండి. బోరు నీళ్ళు వద్దు. నీడలో ఆరబెట్టి, సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఇనుము వేరే డబ్బా, అల్యూమినియం వేరే డబ్బా. రేకులోకి ఇనుప బోల్టు దిగి ఉంటే విడదీయకండి, అది ప్రయోగశాల పని. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి పరిరక్షణ విభాగం ఉంది. ఏ లోహమో తేల్చడానికి మనకు వరంగల్ ఎన్‌ఐటీలో మెటలర్జీ విభాగమే ఉంది, ఉత్తరం రాసి అడగండి.

గద్దె కట్టి ఎండలో పెట్టడం గురించి: 2013లో ఇంగ్లిష్ చానెల్ అడుగు నుంచి ఒక జర్మన్ డోర్నియర్ బాంబర్‌ను తీశారు. ఎండబెట్టలేదు. పాలిథీన్ గుడారాల్లో పెట్టి సిట్రిక్ ఆమ్లం కలిపిన పలచని ద్రావణాన్ని ఏళ్ళ తరబడి చిలకరించారు. అంత చేయగల మ్యూజియం వాళ్ళకే చెమటలు పట్టాయి. పంచాయతీ గద్దె మీద ఒక వానాకాలం చాలు.

సికింద్రాబాద్_చరిత్ర
ఆలస్యంగా వచ్చాను. మన రాష్ట్రానికీ ఈ విమానాలకూ ఉన్న చుట్టరికం ఎవరూ చెప్పలేదే!

మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం డబ్బుతో కొన్న డీహెచ్-9ఏ విమానాలతో బ్రిటిష్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్) 110వ స్క్వాడ్రన్, అంటే ఒక విమానాల జట్టు, నడిచింది. ప్రతి విమానం మీదా నిజాం కానుక అని రాసి ఉండేది. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబర్ 5న జర్మన్లకు చిక్కింది. వాళ్ళు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు, రెండో యుద్ధంలో పోలండ్ చేరింది, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి బ్రిటన్ తిరిగి తెచ్చుకుంది. ఇప్పుడు లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో, హైదరాబాద్ పేరుతో సహా ఉంది. శత్రువు దాచబట్టి మిగిలింది!

రెండో యుద్ధంలో 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు, 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ హరికేన్ యుద్ధ విమానాలు నడిపాయి. 253లో కాలిన్ ఫ్రాన్సిస్ అనే 19 ఏళ్ళ పైలట్ 1940 ఆగస్ట్ 30న కెంట్ మీద పోరులో కనిపించకుండా పోయాడు. 1981లో రోథమ్ దగ్గర ఒక పొలంలో హరికేన్ శిథిలాలు తవ్వితే, అతను ఇంకా కాక్‌పిట్‌లోనే ఉన్నాడు. సైనిక లాంఛనాలతో బ్రూక్‌వుడ్‌లో ఖననం చేశారు. నలభై ఏళ్ళు ఇంటివాళ్ళకు సమాధి కూడా లేదు.

కొత్తగూడెం_కుర్రోడు
ఇది తెలియదు. అయితే మరి తవ్వాల్సిందే కదా? ఈ చెరువులో కూడా ఎవరైనా ఉంటే?

కెంట్_ఓరుగల్లు
ఎవరైనా ఉండొచ్చంటే మనం అసలే తవ్వకూడదు. ఇక్కడ బ్రిటన్‌లో మనిషి అవశేషాలు ఉండే అవకాశం ఉందని తెలిస్తే మామూలుగా లైసెన్సే ఇవ్వరు. తవ్వుతుండగా ఎముక కనిపిస్తే అక్కడికక్కడ పని ఆపి పోలీసులను పిలవాలి. రోథమ్ తవ్వకం 1986 చట్టానికి ముందుది.

వైజాగ్_నావికుడు
మా తీరం దగ్గర 1971లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇంకా సముద్రం అడుగునే ఉంది. 2024లో మన నేవీ దాన్ని గుర్తించి కూడా ముట్టుకోలేదు. లోపలున్నవాళ్ళకు అదే సమాధి అని వదిలేశారు. శత్రువైనా సరే.

పాకాల_పోరడు
విడివిడిగా అడిగాను. చాకలి తాత చెప్పింది: మంట ఆకాశానికి లేచింది, దగ్గరికి పోలేకపోయారు, మూడోనాడు లారీలో సిపాయిలు వచ్చి ఏదో మూటగట్టుకుని పోయారు. తొట్టి అవ్వ వాళ్ళ మామ దగ్గర విన్నది: ఒక తెల్లోడు గొడుగుతో దిగితే ఎడ్లబండిలో ఓరుగల్లుకు పంపించారు. ఇద్దరూ కాలం మాత్రం ఒకటే చెబుతున్నారు, చెరువు నిండి అలుగు పోస్తున్న రోజులని.

సికింద్రాబాద్_చరిత్ర
రెండూ నిజం కావచ్చు. ఒకరు దూకారు, ఇంకొకరు దూకలేకపోయారు. లేదా ట్యాంకు ఒక విమానానిది, మంట ఇంకో విమానానిది.

దీన్ని మట్టిలో కాకుండా కాగితాల్లో వెతకాలి. ఒక్కో ప్రమాదానికీ ఆర్‌ఏఎఫ్ ఒక కార్డు రాసింది, ఫారం 1180 అంటారు, అవి ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉన్నాయి. స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు లండన్ పక్కన క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చనిపోయినవారి పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో తేదీతో వెతకొచ్చు. దక్షిణాదిలో అక్కడక్కడ పూడ్చినవారిని 1952 తర్వాత చెన్నై నందంబాక్కంలోని వార్ సెమెటరీకి మార్చారు, సమాధి దొరకని వైమానికుల పేర్లు సింగపూర్ స్మారకం మీద చెక్కారు. అలుగు పోసే నెలలంటే ఆగస్ట్ నుంచి అక్టోబర్ అనుకుందాం. వెతకడం నేను మొదలుపెడతాను, కెంట్ తమ్ముడు క్యూ వెళ్ళగలడా?

కెంట్_ఓరుగల్లు
వెళ్తాను. ఒక్క అంకె దొరికినా పని సులువు. తొట్టి లోపలి అతుకు వెంట, కొస దగ్గర చిన్న పలక ఉందేమో చూడు.

పాకాల_పోరడు
అప్‌డేట్. జేసీబీ రద్దు. దోస్తులు మొదట కోపానికొచ్చారు, తూటాల మాట చెప్పాక తగ్గారు. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. అక్కడి క్లర్క్ "బంగారం ఏమన్నా ఉందా?" అని మాత్రం అడిగాడు. ఆదివారం పత్తి ఏరిన సాళ్ళ వరకే సుతిలి తాడుతో గళ్ళు కట్టి, పైకి తేలినవి ఏరాం. గడ్డపార ముట్టలేదు. ప్రతి ముక్కకూ గడి నంబర్ రాసిన కవర్. సేటుకు అమ్మినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని సర్పంచ్ డప్పు చాటింపు వేయిస్తానన్నాడు.

తొట్టి దగ్గరే చిక్కొచ్చింది. అవ్వ ఇవ్వనంటోంది. "మీ గాలిమోటరు మీకే, నా బర్లు దేంట్ల తాగుతయి?" అంటోంది.

పత్తి_రైతు
సిమెంటు గోలెం కొనివ్వండి. పరకాల సంతలో దొరుకుతుంది. నా వంతు ఐదు వందలు రాసుకో.

రిటైర్డ్_సార్జెంట్
నా వంతు కూడా. గోలెం వచ్చేదాకా కుడితి పోయడం ఆపమని చెప్పు, లేకపోతే ఆ పలక దగ్గరి రేకు కూడా పోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు టార్చి పక్కవాటుగా కొట్టి ఫొటో తీయి, చెక్కిన అంకెలు ఉంటే నీడ పడి కనిపిస్తాయి.

పాకాల_పోరడు
సాయంత్రం బర్లు మేతకు పోయి వచ్చేలోపు తీస్తాను సార్. గోలెం పైసలు ఎవరెవరు ఇస్తున్నారో కింద రాయండి, ఆటో కిరాయి నేను పెట్టుకుంటా.